హంపమ్మ వదిలిన ఆరుద్ర పురుగులు

మూడో పళ్లెంలో పదకొండు పురుగులు ముడుచుకోలేదు. హంపమ్మ వాటిని ఏరి పక్కన పడేసింది. వేలు తగలగానే కాళ్లు లోపలికి లాక్కుని గురివింద గింజలా చచ్చినట్టు పడుండాలి, కాసేపాగి నడవాలి. ఆ నడక వాటికి నేర్పింది ఆమే. చిన్నప్పుడు అరచేతిలో ఆడించిన నిజం పురుగుల్ని తలుచుకుని, వానమండలి వాళ్లకు దిద్ది దిద్ది చెప్పింది. నూగు మాత్రం ఇప్పటికీ కుదరలేదు. నిజందాని ఒళ్లు ముఖమల్ గుడ్డంత మెత్తన.

ఆరుద్ర కార్తె మూడో రోజు. పొద్దున ఏడింటికే నలభై నాలుగు డిగ్రీలు. వాసనయంత్రాలు వరసగా తలమీదుగా ఎగిరిపోయాయి. అవి చల్లిన నాలుగు చినుకులకు, వెళ్లినమేరా తొలకరి మట్టివాసన లేచింది.

చెవిలో పర్యవేక్షకుడు విజయసారథి గొంతు పలికింది. “వాన నిలిచే నమ్మకాంశం నూటికి ముప్పై ఎనిమిది. వదిలెయ్యండి హంపమ్మా.”

“ముప్పై ఎనిమిదికేనా సార్? పోయినేడు నలభై రెండుకి వదిలితే ఒక్క వాన పడి ఊరుకుంది. మొలకలన్నీ మాడిపోయినాయి.”

“మొలిస్తే చాలు. చచ్చిన వేళ్లు కూడా రెండు నెలలు దుమ్మును పట్టి ఉంచుతాయి. నగరం మీదికి దుమ్ముగాలి రాకూడదు, కావలసింది అదే. పంట మన పని కాదు.”

ఫోనుకొచ్చే వానకబురును నమ్మి ఈ సీమలో ఎవరూ గింజ చల్లరు. అది చాలాసార్లు బొంకింది. ‘ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదు’ అనుకునే జనం, ఎర్రపురుగు కంటపడితే తప్ప విత్తనాల మూట విప్పరు. ఆ పురుగేమో నేల కాగి, మందులకు మాడి, ఏనాడో కనుమరుగైంది. అందుకని మండలి పురుగునే తయారుచేయించింది. ఐదేళ్ల కిందట అవి తిరిగొచ్చాయని ఊళ్లన్నీ సంబరపడ్డాయి. ఆ సంబరం చూసి హంపమ్మ కూడా మంచిపనే చేశాననుకుంది.

చివరి చేను ఓబుళేసుది. మండలి పటంలో ఈ ఏడే కొత్తగా చేరింది. డెబ్బై దాటిన మనిషి, గట్టు మీద గొంతుక్కూర్చుని నేలకేసి చూస్తున్నాడు. ఒళ్లో మూట, అందులో రెండు శేర్ల నల్లకొర్ర. ఆ రకం ఇంకెవరి దగ్గరా లేదు, మండలి విత్తనాల శీతలగిడ్డంగిలో కూడా లేదు. పోయిన రెండేళ్లూ పక్కచేలల్లో పురుగు కనబడిందని విని కొంత కొంత చల్లి పోగొట్టుకున్నాడు. ఇదీ మాడితే ఇక పేరే మిగులుతుంది.

“వాసనొచ్చింది పాపా,” అన్నాడు ఆమెను చూసి. “పురుగు మాత్రం నా సేన్లోకి రాదు. నా మీద కోపం దానికి.”

హంపమ్మ ముళ్లకంప చాటుకు వెళ్లి పళ్లెం వంచింది. విత్తు మొదలయ్యేదాకా అక్కడే ఉండి కబురు చెప్పాలి, అది నిబంధన.

కాసేపటికి ముసలాయన కేకపెట్టాడు.

“వచ్చినావా తల్లీ!” అరచేతిలోకి తీసుకున్నాడు. అది ముడుచుకుంది. ఎంత చక్కగా ముడుచుకుందో! ఆయన రెండో చేత్తో చెంపలేసుకున్నాడు. “ఇది సూడు పాపా. వయసులో ఉన్నెప్పుడు, శెనిక్కాయ ఇత్తేముందు నేలకు మందు కొట్టినా. తెల్లారి సూస్తే సేనంతా ఎర్రగా సచ్చిపడుండె. యాడ కాలు పెట్టినా అవే. అప్పుట్నుంచి నా సేను తొక్కలా ఇది. ఈపొద్దు నా తప్పు కాసింది.”

గడ్డం మీదికి నీళ్లు కారుతుంటే తుడుచుకోకుండానే మూట ముడి విప్పసాగాడు.

హంపమ్మ నోరు మూసుకుంటే ఆయనకు ఆ మన్నింపు మిగులుతుంది, గింజ పోతుంది. నోరు తెరిస్తే గింజ ఒక్కటే మిగులుతుంది. ఇంత పాపిష్టి పని తన చేతికే రావాలా అని ఏడుపొచ్చింది.

“తాతా, దాన్ని తిరగేసి సూడు.”

“ఎందుకు పాపా?”

“తిరగెయ్యి.”

పొట్టకింద సన్నటి అంకెలున్నాయి. ఓబుళేసుకు చదువు రాదు. కానీ దేవుడు పురుగులకు అంకెలు వేయడని తెలుసు.

“నువ్వు ఇడిసినావా?”

“నేనే తాతా. ఐదేండ్లుగా అందరి సేన్లల్లోనూ నేనే. వాన నిలుస్తాదో లేదో మాకూ తెలీదు. ఇత్తొద్దు.”

ఆయన మూట ముడి మళ్లీ బిగించాడు. పురుగును ఆమె చేతిలో పెట్టాడు, ప్రాణమున్నదాన్ని పెట్టినంత నెమ్మదిగా.

“ఇంగ నా తప్పు ఎవురికి సెప్పుకోవల్ల పాపా?”

ఓబుళేసు లేచి, పక్కచేనివైపు తిరిగి గొంతు చించుకుని అరిచాడు. “ఇత్తొద్దండ్రప్పో! పురుగు రాలా! ఇవి పురుగులు కావు, తిరగేసి సూడండి!” పక్కచేనివాడు విత్తుతున్న గొర్రు ఆపి నేలమీదికి వంగాడు. తర్వాత అతనూ అవతలివాడికి కేకేశాడు.

“ఏం జరుగుతోందక్కడ?” విజయసారథి గొంతు తడబడింది. “పటంలో చేలు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి. మీ దగ్గర విత్తు మొదలైందా?”

“లేదు సార్,” అంది హంపమ్మ. “ఆరుద్ర పురుగు రాలేదు.”

చెవిలోది తీసి పళ్లెంలో పడేసింది. దూరంగా దుమ్ము లేస్తోంది. ఆమె గట్టు మీద ముసలాయన పక్కన కూర్చుని, ఆయనతోపాటు నిజం పురుగు కోసం నేలంతా వెతకసాగింది.