రెండుసార్లు తట్టాలి

ఒమన్ దేశపు బర్కాలో 2008 జూలై మధ్యాహ్నం. భోజనాలై ఇల్లంతా నిద్రపోయే వేళ. ఏసీ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. కాశమ్మ తడిగుడ్డ పట్టుకుని పాముగదిలోకి వెళ్లింది. మందపాటి పరదాల వల్ల పట్టపగలే చీకటి. నానిన చెక్కపొట్టు వాసన.

గాజుపెట్టెలో ఉన్నది చిన్న అర్బాబు, అంటే యజమాని కొడుకు, ముచ్చటపడి పెంచుకునే బ్లడ్ పైథాన్. పొట్టిది, తొడంత లావు, ఇటుక రంగు. విషం లేదు గానీ కోపం మాత్రం ముక్కుమీదే. దాని సంగతులన్నీ కాశమ్మకు నేర్పింది తిరుపతమ్మ. ఇద్దరిదీ కడప జిల్లా, ఇద్దరూ ఆ ఇంట్లో పనివాళ్లే.

"ముందు ఈ కొక్కెం కర్రతో రెండుసార్లు మెల్లగా తట్టాల పాపా. మేత కాదు, చెయ్యి వస్తాండాదని దానికి తెలుస్తుంది. పొట్ట కింద రెండు చేతులూ పెట్టి ఎత్తాల. పైనుంచి పట్టుకుంటే గద్ద అనుకుంటాది. బుస్సుమంటే ఆగిపో" అనేది.

ఇప్పుడు తిరుపతమ్మ లేదు. పది రోజుల కింద చిన్న అర్బాబు స్నేహితుల ముందు గొప్పకు పోయి, తట్టకుండానే పాము మెడ పట్టుకున్నాడు. కరిచింది. కొక్కెం కర్రతో దాన్ని చావబాదబోతే తిరుపతమ్మ అడ్డం పడింది. కొక్కెం ఆమె కణతలో దిగింది.

నెత్తురు కడిగింది కాశమ్మే. "బాత్రూంలో జారి పడింది" అని పోలీసులకు చెప్పిందీ కాశమ్మే. పాస్‌పోర్టు పెద్ద అర్బాబు బీరువాలో ఉంది మరి. నోరు మూసుకుంటే ఇంటికి పంపుతానన్నాడు. సిగ్గుతో చితికిపోయింది, అయినా చెప్పింది.

తలుపు తెరుచుకుంది. చిన్న అర్బాబు. "హటో" అంటూ ఆమెను పక్కకు నెట్టి పెట్టె మూత తీశాడు.

ఠక్... ఠక్.

కాశమ్మ భుజం మీద ఎవరో తట్టారు. మెల్లగా. రెండుసార్లు.

వెనక్కి చూసింది. ఎవరూ లేరు. మేకుకు ఉండాల్సిన కొక్కెం కర్ర లేదు...

అతన్ని మాత్రం ఎవరూ తట్టలేదు.

బుస్సు... పెట్టెలోంచి కాదు. పైకప్పు దగ్గర్నుంచి.

అతను మెడ పట్టి లాగినట్టు పైకి లేచిపోయాడు. కాళ్లు గాల్లో కొట్టుకున్నాయి. గొంతు చుట్టూ చర్మం లోపలికి నొక్కుకుపోతోంది, నొక్కేదేదో కనిపించడం లేదు. ఎముక ఫట్‌మంది. నోట్లోంచి నెత్తురు గాజు మీద చిమ్మింది.

పెట్టెలో పాము నీళ్లగిన్నె చుట్టుకుని కదలకుండా పడుకుంది.

నేరం దాని మీదే వేసి చంపేశారు. కొక్కెం కర్ర మాత్రం దొరకలేదు. తర్వాత కాశమ్మ ఆ గదిలోకి వచ్చిన ప్రతిసారీ ఆ కనిపించని కర్ర ఆమె భుజం మీద రెండుసార్లు తట్టేది. నువ్వు మేత కాదులే అని. భయపడుతూనే, "అక్కా, నీ రుణం తీర్చుకోలేను" అనుకునేది.

శుక్రవారం ఇంటికి ప్రయాణం. గురువారం మధ్యాహ్నం ఖాళీ పెట్టె తుడుస్తుంటే భుజం మీద తట్టింది. అంతలోనే ఫోన్ మోగింది. తిరుపతమ్మ కూతురు ఆశ.

"పిన్నీ... మాయమ్మ ఎట్ల పోయిందో నువ్వన్నా నిజం చెప్పు."

పాస్‌పోర్టు ఇంకా చేతికి రాలేదు. కాశమ్మ తలుపు వంక చూసింది.

"బాత్రూంలో... జారి పడిందమ్మా."

ఫోన్ పెట్టేసింది.

ఖాళీ పెట్టెలోంచి బుస్సుమని వినిపించింది.

కాశమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది. భుజం వంచి ఎదురుచూసింది... ఇంకాసేపు చూసింది...

ఎవరూ తట్టలేదు.