గంటలో మూడు అర్ధరాత్రులు

సరిగ్గా మిట్టమధ్యాహ్నం పన్నెండు!

బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. వీధిలో కాకి కూడా కదలడం లేదు. కానీ ఆ మూడో అంతస్తు గదిలో, బల్ల మీది కంప్యూటరు తెరలో మాత్రం... కాటుక చీకటి! అందులోని ఆట లోకంలో అప్పుడు అర్ధరాత్రి. ఆ ఆటలో పగలూ రాత్రీ కలిపి ఇరవై నిమిషాలే. మనకు ఒక్క గంట గడిచేసరికి అక్కడ మూడు అర్ధరాత్రులు వచ్చి పోతాయి.

ఉరుము ఉరిమింది. స్పీకరు వణికింది. ఆ వెంటనే... గుడ్లగూబ కూసింది!

అక్క చేతిలోని మైనపు కత్తి జారి నేల మీద పడింది. ఉరుముకు ఆమె భయపడలేదు. ఆటలో ఉరుములు మామూలే. కానీ ఆ ఆటలో గుడ్లగూబలు లేవు. ఆరేళ్ళుగా ఆడుతోంది. కోళ్ళున్నాయి, చిలకలున్నాయి, గబ్బిలాలున్నాయి. గుడ్లగూబను మాత్రం ఆ ఆట చేసినవాళ్ళు పుట్టించనే లేదు. పుట్టని పిట్టకు గొంతు ఎక్కడిది?

ఆమెది కట్టుడుపళ్ళు చేసే పని. దంతవైద్యులు పంపిన అచ్చుల్లో మైనం పోసి, పళ్ళు పేర్చి, బోసినోళ్ళకు నవ్వులు తయారుచేసి పంపుతుంది. అందుకే ఆటలో ఆమెకు పళ్ళక్క అని పేరు పడింది. మూడు వందల మంది ఆటగాళ్ళు దిమ్మె మీద దిమ్మె పేర్చి కట్టుకున్న ఊరికి ఆమె మేయరు. ఎవరి స్థలం ఎక్కడిదాకా, ఎవరి మేడ ఎవరి కిటికీకి అడ్డం, ఎవరి గొర్రెలు ఎవరి చేలో పడ్డాయి... అన్నీ ఆమే తీర్చాలి. తీర్చినందుకు తిట్లూ ఆమే తినాలి. పెత్తనమంటే ఊరికే వస్తుందా మరి!

ఉపమేయరు ఆమె చెల్లెలు. నిజం చెప్పాలంటే ఊరికి ప్రాణం ఆమే. పగలంతా అచ్చాఫీసులో తప్పొప్పులు దిద్ది వచ్చి, కొత్తగా చేరినవాళ్ళ పక్కన ఓపిగ్గా కూర్చుని గోడ ఎలా లేపాలో, కప్పు ఎలా వెయ్యాలో నేర్పేది. ఏటి మీది వంతెన ఆమె కట్టిందే. గడియారపు గోపురమూ ఆమె కట్టిందే. ఆమెను పలకరించకుండా ఆ ఊళ్ళో ఎవరూ ఆట ముగించేవారు కారు.

ఆ చెల్లెలు ఇప్పుడు పక్క కుర్చీలో ఉంది. నిన్న సాయంత్రం ఐదింటి నుంచీ అలాగే! కళ్ళు తెరిచే ఉన్నాయి... రెప్ప పడదు. చేతులు ఒళ్ళో వాలిపోయి ఉన్నాయి. డాక్టరు వచ్చి నాడి చూసి, జ్వరమని మందిచ్చి పోయాడు. ఆయన ఆమె ముందున్న తెర వైపు చూడలేదు. చూసి ఉంటే మందుల సంచీ అక్కడే వదిలేసి పరిగెత్తేవాడు. ఎందుకంటే ఆమె కీబోర్డును ఎవరూ తాకకుండానే... ఆ తెరలో ఆమె బొమ్మ నడుస్తోంది! సందు సందూ తిరుగుతోంది. ఒక్కో తలుపు ముందూ ఆగి, తల వంచి నిలబడి, మళ్ళీ కదులుతోంది.

"మేయరు..." అంది చెల్లెలు. ఆ గొంతు ఆమెది కాదు. పాడుబావి అడుగున బండరాయి దొర్లినట్టుంది. "మేయరు కావాలి. ఆకలి..."

తన చెల్లెలి నోట అలాంటి మాట విన్నందుకు అక్కకు ఏడుపు వచ్చింది.

ఇది ఎవరి పనో ఆమెకు తెలియకపోలేదు. తాళాలాయన! ఎక్కడో తాళాలు బాగుచేసుకునే మనిషట. ముఖం ఎవరూ చూడలేదు. దగ్గూ, గొంతూ, వెనకాల తాళంచెవుల గలగలా తప్ప అతని గురించి ఊరికి ఏమీ తెలియదు. అంతకుముందు మేయరు అతనే. తన మేడకంటే ఒక్క దిమ్మె ఎత్తు కట్టిన ఇల్లల్లా కూలగొట్టించేవాడు. రెండేళ్ళ కిందట ఎన్నిక వచ్చింది. చెల్లెలు ఇంటింటికీ తిరిగి అక్కకు ఓటెయ్యమని అడిగింది. తాళాలాయనకు పంతొమ్మిది ఓట్లు వచ్చాయి. ఆ రోజు నుంచి అతను ఊళ్ళో నోరు విప్పలేదు.

నిన్న సాయంత్రమే విప్పాడు. జరిగిందేదో జరిగింది, కలిసిపోదాం అంటూ చెల్లెలికి ఒక కానుక ఇచ్చాడు. పెరట్లో పెట్టుకోమని... ఒక కపాలం! ఆటలో కపాలాలు అలంకారానికి పెట్టుకోవడం వింతేమీ కాదు. వద్దే, వాణ్ణి నమ్మకు అని అక్క అంటూనే ఉంది. పాపం ఓడిపోయినవాడు, పోనిద్దూ అంటూ చెల్లెలు అందుకుంది. దాన్ని నేల మీద పెట్టిన మరుక్షణం ఆమె చేతులు ఒళ్ళోకి జారిపోయాయి.

ఇటుకలాటలో పదవి పోయినందుకు ఎవడైనా ప్రాణాలు తీస్తాడా అంటారా? తీస్తాడు. పదవి ఎంత చిన్నదైతే దాని మీద కసి అంత పెద్దది.

అక్క తన బొమ్మను చెల్లెలి పెరట్లోకి నడిపించింది. మెరుపులు... మెరుపుల మధ్య నల్లరాతి తిన్నె... తిన్నె మీద కపాలం! దాని దవడల్లో పళ్ళున్నాయి. అచ్చుపోసినట్టు స్పష్టంగా ఉన్నాయి. పై వరసలో ఎడమ కోరపన్ను కాస్త మెలితిరిగి ముందుకు వచ్చి ఉంది. ఆ వరసను ఆమె వేల సార్లు అద్దంలో చూసుకుంది. అవి ఆమె పళ్ళే!

గొడ్డలితో ఒక్క దెబ్బ వేసింది. కపాలం చెక్కుచెదరలేదు. కుర్చీలో చెల్లెలి ముక్కులోంచి నెత్తురు కారింది. అక్క గొడ్డలి వదిలేసి, ఆ నెత్తురు తుడిచింది.

తిన్నె కింద ఒక పెట్టె కనబడింది. తాళాలాయన వేసిన తాళం ఎవరికీ తెరుచుకోదు. కానీ ఇక్కడే అతను పప్పులో కాలేశాడు. ఊరి హద్దుల్లో ఏ పెట్టె మీదైనా మేయరు చెయ్యి వేస్తే చాలు, తాళం ఊడిపోతుంది. ఆ కట్టుబాటు పెట్టింది అతనే! తను మేయరుగా ఉన్నప్పుడు ఊరివాళ్ళ పెట్టెలు వెతకడానికి పెట్టుకున్నాడు. పెట్టె తెరుచుకుంది. అందులో ఒక పుస్తకం, పుస్తకంలో ఒకే పుట ఉంది.

"హే కపాలవాసీ! నిశాచరాధీశ్వరా! ఈ ఊరి మేయరు నీకు ఆహారం. ఉపమేయరు దేహం నీకు ద్వారం. అరవయ్యవ రాత్రి ఆహారాన్ని స్వీకరించు... అర్ధరాత్రికి ద్వారాన్ని భగ్నం చెయ్యి!"

అక్క లెక్క వేసుకుంది. నిన్న ఐదింటికి మొదలైంది. గంటకు మూడు చొప్పున అరవై అర్ధరాత్రులు... ఒంటిగంటకు ముగింపు. తనతోపాటు చెల్లెలూ పోతుంది.

మళ్ళీ చదివింది. పుటలో ఎక్కడా పేరు లేదు. రాయడానికి అతనికి తెలిస్తేగా! ఆటలో అందరివీ మారుపేర్లే. మారుపేర్లు క్షుద్రశక్తుల దగ్గర చెల్లవు. పళ్ళక్క అని రాస్తే ఏ పళ్ళు, ఎవరి అక్క అంటాయి. అందుకని పదవి రాశాడు. మేయరు... అంతే.

ముందు బతిమాలింది. ఆటలో మాట్లాడుకునే మైకు తీసి, తప్పు తనదేననీ, ఊరు వదిలి పోతాననీ, చెల్లెలిని వదిలెయ్యమనీ వేడుకుంది. తాళాలాయన తాపీగా దగ్గి, తాపీగా నవ్వాడు.

"పంతొమ్మిది ఓట్లు. నా పక్కింటివాడు కూడా నీకే వేశాడు. అదంతా ఎవరి చలవ? నీ చెల్లెలిదేగా. అదీ పోతుందని తెలిసే నువ్వు పోవాలి."

యాభై ఎనిమిదో అర్ధరాత్రి దాటింది. యాభై తొమ్మిదీ దాటింది. చెల్లెలి పెదవులు నీలిరంగుకు తిరిగాయి, గోళ్ళు నల్లబడ్డాయి. ఊళ్ళో గుడ్లగూబలు ఒకటి కాదు... పది... వంద! ప్రతి కప్పు మీదా, ప్రతి గోడ మీదా కూస్తున్నాయి. ఆటలో ఉన్నవాళ్ళంతా ఇదేం వింత శబ్దం, కొత్తగా పెట్టారా, బాగుందే అని మాట్లాడుకుంటున్నారు.

ఒంటిగంటకు నాలుగు నిమిషాలుంది. మేయరు పదవిని ఇంకొకరికి అప్పగించడానికి ఒక్క పంక్తి కొట్టాలి. అవతలివాళ్ళ ఒప్పుదల అక్కర్లేదు. ఆమె ఆ పంక్తి కొట్టింది. చివర తాళాలాయన పేరు రాసింది. అది హత్య అని ఆమెకు తెలుసు. తెలిసే మీట నొక్కింది.

ఊరంతా కనబడేలా ప్రకటన మెరిసింది. కొత్త మేయరు తాళాలాయన! ఊరివాళ్ళు ఆశ్చర్యపోయారు. కొందరు మర్యాదకు అభినందనలు కూడా చెప్పారు.

మైకులో అతని ఊపిరి ఆగి మళ్ళీ వచ్చింది. "నాకా?" అన్నాడు. గొంతు చిన్నపిల్లాడి గొంతులా వణికింది. "నిజంగా నాకే ఇచ్చావా?" ఆ రెండు క్షణాలూ అతను సంతోషంగా ఉన్నాడు. రెండేళ్ళుగా ఎదురుచూసిన మనిషి సంతోషం అది.

గుడ్లగూబలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి.

అప్పుడు అర్థమైంది అతనికి! "పళ్ళక్కా... వెనక్కి తీసుకో. వద్దు నాకు. వద్దమ్మా. నా వేళ్ళు... నా వేళ్ళు కదలడం లేదు..." ఆమె పళ్ళు బిగించి కూర్చుంది. మైకులో అతని గదిలోంచి కుర్చీ ఈడ్చుకుపోయిన చప్పుడు... గోడనున్న తాళంచెవులన్నీ జలజలా రాలిన చప్పుడు... తర్వాత ఎముకలు నమిలే చప్పుడు! దేవుడా, ఆ చప్పుడు ఆమెకు తెలియంది కాదు. పంటికీ పంటికీ మధ్య ఏది పడితే ఎలా నలుగుతుందో తెలుసుకోవడమే ఆమె వృత్తి. ఒక్క కేక సగంలో తెగిపోయింది. తాను పిలిచి విస్తరి వేసిన శక్తే అతణ్ణి తినేసింది.

తిన్నె మీద కపాలం పగిలింది. చెల్లెలి రెప్పలు వాలాయి. అమ్మయ్య అని అక్క ఆమెను గుండెకు హత్తుకుంది.

ఆ 'అమ్మయ్య' పూర్తి కాలేదు... తెర మీద ఇంకో ప్రకటన వచ్చింది. మేయరు ఇక లేరు. నియమం ప్రకారం ఉపమేయరే మేయరు.

ఆ నియమం అక్క రాసిందే. కిందటేడు తనకు జ్వరమొచ్చి వారం ఆటకు రాలేకపోతే, ఊరు అనాథ కాకూడదని రాసింది. ఇప్పుడు చెల్లెలి బొమ్మ తల మీద మేయరు కిరీటం తళతళలాడుతోంది. ఈ ఊరి మేయరు నీకు ఆహారం అని రాశాడు తప్ప, ఒక్క మేయరు అని రాయలేదు ఆ నిర్భాగ్యుడు! ఒక్క గుడ్లగూబ కూసింది. ఒంటిగంటకు ఒకే నిమిషం ఉంది. చెల్లెలి గొంతులో గురక మొదలైంది.

ఎవరికి ఇచ్చినా వాళ్ళు పోతారు. తను పుచ్చుకుందామంటే, తన తర్వాత మళ్ళీ ఉపమేయరే! మేయరు లేకుండా పోవాలంటే ఊరే లేకుండా పోవాలి.

అక్క చెల్లెలి కీబోర్డు మీదికి వంగింది. 'ఊరు రద్దు' అని కొట్టబోయింది. మీటలు రాళ్ళలా బిగుసుకుపోయి ఉన్నాయి. మేయరు చేతికి తప్ప లొంగవు. అక్క చల్లబడిన ఆ వేలిని పట్టుకుని ఒక్కో అక్షరం మీదా ఆనించి నొక్కింది. నిజంగా రద్దు చేయాలా, కట్టినదంతా పోతుంది అని ఆట అడిగింది. అవును మీద ఆ వేలినే పెట్టి నొక్కింది.

వంతెన పోయింది. గోపురం పోయింది. మూడు వందల ఇళ్ళు, ఆరేళ్ళ కష్టం, గొర్రెలతో సహా... గడ్డి మైదానం మిగిలింది. మేయరు కోసం వచ్చినది ఊరే లేని నేల మీద కాసేపు గాలిలా తిరిగి, ఆకలితోనే వెళ్ళిపోయింది. అక్కడ తెల్లవారింది.

చెల్లెలు సాయంత్రానికి లేచింది. గంజి తాగింది. ఫోను చేతికి తీసుకుంది. నాలుగు వందల సందేశాలున్నాయి. అన్నీ ఆమె పేరు మీదే. రద్దు చేసిన మేయరు ఆమేనని ఆట అందరికీ చెప్పింది మరి. నిన్ను అమ్మలా చూసుకున్నాం కదా అని ఒకరు, పాముకు పాలు పోశాం అని ఇంకొకరు, నీ చేతులు పడిపోను అని మరొకరు రాశారు. ఆమె చివరిదాకా ఒక్కొక్కటీ చదివింది. అచ్చుతప్పులు కూడా వదలకుండా చదివే అలవాటు ఆమెది.

"నేనెందుకు చేశానక్కా? నాకేం గుర్తు లేదే," అంది. అది ఏడుపు కూడా కాదు.

నిజం చెప్పాలంటే మైకులో విన్న చప్పుడు చెప్పాలి. ఆ పంక్తి చివర ఎవరి పేరు రాసిందో చెప్పాలి. అక్క నోరు తెరిచింది. దుప్పటి సరిచేసింది.

"జ్వరంలో చేశావమ్మా," అంది. "నీ తప్పేం లేదులే. పడుకో."