అరవైలో యాభై ఏడు

ఆదివారం పొద్దున బట్టలు నానబెడుతూ ఓబ్దూలియా అలవాటు కొద్దీ భర్త చొక్కా జేబు తడిమింది. పద్దెనిమిదేళ్ళ అలవాటు అది. ఒకప్పుడు ఆ జేబులో సీసా మూత దొరికిందంటే ఇక ఆ రోజంతా ఇల్లు ఇల్లులా ఉండేది కాదు. ఏడాదిగా మాత్రం మేకులు, దారపు ముక్కలు తప్ప ఏమీ దొరకలేదు. ఈ రోజు నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి దొరికింది.

విప్పి చూసింది. మనిషి తలని అడ్డంగా కోసినట్టు బూడిద రంగు బొమ్మ. నుదుటి వెనకాల ఎర్రటి మచ్చ. కింద ఫిదెన్సియో వంకరటింకర రాతలో, "సీసా చూపించినప్పుడు" అని ఉంది.

ఆమె గుండె గుభేలుమంది. వేరే రోజైతే ఇంత కంగారు పడేది కాదేమో. కానీ ఈ రోజుతో ఒట్టు గడువు అయిపోతోంది. పోయిన ఏడాది సరిగ్గా ఇదే తేదీన తమ ఊరు తెకిస్కియాపాన్ గుడిలో, ఫాదర్ ఎదుట, గ్వాదలూపే మాత మీద ఫిదెన్సియో ఒట్టేశాడు, ఏడాది పాటు మందు ముట్టనని. ఒట్లు అతనికి కొత్త కాదు. ఇంతకు ముందు మూడుసార్లు వేశాడు, మూడుసార్లూ చివరి రోజు దాకా నిలబెట్టుకున్నాడు. ఆ మాట కాదనకూడదు. కానీ గడువు తీరిన సాయంత్రమే ఏడాది బాకీ అంతా ఒక్క పూటలో తాగేసేవాడు. పోయినసారి ఏటిగట్టున పడి ఉన్నవాణ్ణి ఆమే మోసుకొచ్చింది. అప్పుడే చెప్పేసింది, ఇంకొక్కసారి తాగితే కూతుర్ని తీసుకుని మా అక్క దగ్గరికి పోతానని. ఆమె అన్నంత పనీ చేసే మనిషి.

ఫిదెన్సియో పెరట్లో తడిపిన పుల్లలు ముందేసుకుని బుట్ట అల్లుతున్నాడు. ఓబ్దూలియా కాగితం అతని ముఖం ముందు ఆడించింది.

"ఏమయ్యా, ఏంటిది?"

అతని చేతులు ఆగిపోయాయి. "మొన్న క్వెరెతారో పట్నంలో డాక్టరమ్మ ఇచ్చింది. ఆ మిషను లోపల తీసిన బొమ్మ."

"ఇచ్చిందిలే. నాకెందుకు చూపించలేదు?"

"చూపిద్దామనే..."

"ఎప్పుడు? నేను సంచి సర్దుకున్నాకా? సీసా చూడగానే నెత్తి మీద కుంపటి పెట్టినట్టు ఎలా మండిపోతోందో చూడు! ఏడాది నుంచి పక్కనే పడుకుంటున్నా, నాకు తెలీలేదు. మిషను పట్టేసింది!"

వంటింట్లోంచి మరిక్రూజ్ పరిగెత్తుకొచ్చింది. నర్సు చదువుతున్న ఈ అమ్మాయే నాలుగు నెలల క్రితం తండ్రిని మెదడు మీద చేస్తున్న ఆ పరిశోధనకి తీసుకెళ్ళింది. తాగుడు మానిన వాళ్ళు కావాలని కాలేజీ గోడ మీద కాగితం అంటించారు మరి.

"అమ్మా, దానర్థం అది కాదు."

"నువ్వు నోరు మూసుకో. తగుదునమ్మా అని తీసుకెళ్ళింది నువ్వేగా!" అని మొగుడి వైపు తిరిగింది. "లే. స్నానం చెయ్యి. గుడికెళ్ళి ఫాదర్‌ని అడిగి ఇంకో ఏడాదికి ఒట్టేద్దువు గాని."

ఫిదెన్సియో బుట్ట పక్కన పెట్టాడు. "నేను రాను."

"ఏంటీ?"

"ఈసారి ఒట్టెయ్యను, ఓబ్దూలియా," అన్నాడతను. "ఒట్టున్నన్నాళ్ళూ జైల్లో ఉన్నోడిలా రోజులు లెక్కపెట్టుకుంటా. గడువు తీరిందంటే గేటు తీసినట్టే. ఇంకో ఏడాది వేస్తే ఇంకో ఏడాది లెక్కపెడతా. నాకు గడువొద్దు."

"మాత మీద ఒట్టు లేకపోతే నిన్నెలా నమ్మను? నీ మాటకి సాక్షి ఎవరు?"

ఓబ్దూలియా కళ్ళ నిండా నీళ్ళు. మరిక్రూజ్ ఇంక ఆగలేక, ఆ బొమ్మ ఇచ్చిన డాక్టర్ బెరెనీస్‌కి స్పీకర్ పెట్టి ఫోన్ కలిపింది. అవతల గొంతు వినపడగానే తల్లి ఫోన్ లాక్కుంది.

"డాక్టరమ్మా, నేను ఫిదెన్సియో పెళ్ళాన్ని. మా ఆయన బుర్రలో మంట కనిపెట్టారు, సంతోషం. ఆర్పే దారేమన్నా ఉందా?"

"ముందు ఫిదెన్సియో గారిని అడగండమ్మా. ఆయన సరేనంటేనే నేను చెప్పేది."

"చెప్పండి డాక్టరమ్మా, అంతా చెప్పండి," అన్నాడు ఫిదెన్సియో తల వంచుకుని.

"అది మంట కాదమ్మా. ఆ ఎరుపు మేం వేసిన రంగు, ఎక్కడ ఎక్కువ పని జరుగుతోందో తెలియడానికి. మిషన్లో ఆయనకి బొమ్మలు చూపించాం. పండు కనపడితే బటన్ నొక్కాలి, సీసా కనపడితే నొక్కకూడదు. బొమ్మలు గబగబా వచ్చేస్తుంటాయి. నొక్కడం అలవాటైపోయిన వేలు దానంతటదే పోతుంది. దాన్ని ఆపుకోవాలి. మీరు చూసింది ఆ ఆపుకునే పని."

"అంటే తాగాలని కాదా?"

"బ్రేకు తొక్కుతున్నారని. కానీ ఈ ఒక్క బొమ్మ చూసి మీ ఆయన రేపు తాగుతారో మానతారో నేను చెప్పలేను. ఎవరూ చెప్పలేరు. ఎనభై మందివి కలిపి చూస్తే గానీ మాకే ఏదీ తేలదు. వేలు సంగతి మాత్రం చెప్పగలను. అరవైసార్లు సీసా చూపించాం. యాభై ఏడుసార్లు ఆయన వేలు కదల్లేదు."

ఓబ్దూలియా చేతిలోని కాగితం మళ్ళీ చూసింది. తర్వాత అడిగింది, "మిగతా మూడు?"

"అవి నాకిష్టమైన మెస్కాల్ సారా సీసాలే," అన్నాడు ఫిదెన్సియో సిగ్గుగా. మరిక్రూజ్ ఫక్కున నవ్వింది. డాక్టరమ్మా నవ్వింది.

ఓబ్దూలియాకి నవ్వు రాలేదు. మేనల్లుడి పెళ్ళి గుర్తొచ్చింది. బల్ల నిండా సీసాలు, మధ్యలో ఈ మనిషి నిమ్మరసం తాగుతూ కూర్చున్నాడు. ఒట్టు ఉందిగా, అతనిదేముంది అనుకుంది తను. సంతకి పోయే దారిలో సారా కొట్లు నాలుగున్నాయి. పోతూ నాలుగు, వస్తూ నాలుగు. ఎన్నిసార్లు ఆపుకుని ఉంటాడు! ఒక్కసారి కూడా ఎవరూ శెభాష్ అనలేదు.

"రోజూ ఈ పని చేస్తున్నావా నువ్వు?" అందామె. "ఒక్క మాట చెప్పలేదేంటయ్యా?"

"చెప్తే తాగాలనుందని అనుకుంటావని."

అంతకన్నా నిజం ఏముంది, ఇప్పుడు తను అనుకున్నది అదేగా. ఓబ్దూలియా అతని పక్కనే కూలబడి చెయ్యి పట్టుకుంది.

మధ్యాహ్నం భోజనాల వేళకి క్రెసెన్సియో దిగాడు. మరిక్రూజ్‌ని జ్ఞానస్నానంలో ఎత్తుకున్న జ్ఞానతండ్రి అతనే; ఆ వరసతో అతనూ ఫిదెన్సియో ఒకరినొకరు 'కొంపాద్రే' అని పిలుచుకుంటారు. ప్రతిసారీ ఒట్టు తీరిన రోజున సీసాతో తయారయ్యేదీ అతనే. ఈసారి మూతికి రిబ్బను కూడా కట్టి తెచ్చాడు.

"కొంపాద్రే! గడువు తీరిందిగా, నోరు తెరువు!"

ఓబ్దూలియా చీపురు అందుకోబోయింది. అంతలోనే చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇది అతని పని. అతన్నే చెయ్యనివ్వాలి.

"కూర్చో, తిందాం," అన్నాడు ఫిదెన్సియో. "అది మాత్రం నాకొద్దు."

"మళ్ళీ ఒట్టేశావా? ఎన్నాళ్ళకి?"

"ఒట్టేం లేదు."

"మరింకేంటి అడ్డం?"

"నేనే."

క్రెసెన్సియో పెద్దగా నవ్వాడు. "పెళ్ళాం భయమని చెప్పరాదూ!" అంటూ సీసా తెచ్చి అతని చేతిలో పెట్టాడు. ఫిదెన్సియో వేళ్ళు దాని చుట్టూ బిగుసుకున్నాయి. ఓబ్దూలియా చూస్తుండగానే ఆ చెయ్యి ముందుకు సాగి, సీసాని తిరిగి క్రెసెన్సియో గుండెకి ఆనించి వదిలేసింది.

"భయం లేకపోలేదు. కానీ ఇది నేను మానింది, నా అంతట నేను."

మరిక్రూజ్ చప్పట్లు కొట్టింది. ఓబ్దూలియా ఏడుస్తూనే తలెత్తుకుని నిలబడింది. పద్దెనిమిదేళ్ళలో ఆ మనిషిని చూసి అంత గర్వం ఆమెకి ఎన్నడూ కలగలేదు.

క్రెసెన్సియో నవ్వు మెల్లగా చప్పబడిపోయింది. చేతిలో సీసా ఎక్కడ పెట్టాలో తెలియనట్టు నిలబడ్డాడు. నాలుగు ఒట్లూ పక్కనుండి చూసినవాడు. తను ఒక్క ఒట్టుకీ ధైర్యం చెయ్యనివాడు. చివరికి నేల చూపులు చూస్తూ అన్నాడు.

"ఆ డాక్టరమ్మ... నాలాంటోడిని రానిస్తుందంటావా?"

ఎవరూ నవ్వలేదు. ఓబ్దూలియా వెళ్ళి ఆ సీసా అతని చేతిలోంచి తీసుకుంది. స్టూలు లాగి వేసింది. పళ్ళెంలో వేడి రొట్టెలు, నాగజెముడు కూర పెట్టింది.

"కూర్చో అన్నా," అంది. "తిన్నాక మనమంతా కలిసి అడుగుదాం."

ఇన్నేళ్ళలో ఆమె అతన్ని అన్నా అని పిలవడం అదే మొదటిసారి.