పియానోలో చింతగింజలు

టార్చి పట్టుకుని నవీన్‌కుమార్ పియానోలోకి తల దూర్చినప్పటి నుంచి కృపారాణికి ఒళ్లు మండుతూనే ఉంది.

వికారాబాద్‌లో కొత్తిల్లు కట్టిన ఆమె తండ్రి ఏసుదాసు, హాల్లో సోఫాకు చోటు కావాలని, తన తల్లి రాహేలమ్మ వాయించిన పియానోను తాండూరు చర్చికి ఇచ్చేస్తానన్నాడు. బాగుందో లేదో చూసి రమ్మని చర్చివాళ్లు ఈ మెకానిక్‌ను పంపారు. బాగాలేదంటే పియానో ఇక్కడే ఉంటుంది. అందుకే కృపారాణి పొద్దున్నే వేళ్లతో నొక్కే పియానో మెట్ల సందుల్లో చింతగింజలు కుక్కింది.

"కొన్ని మెట్లు దిగుతలేవు," అన్నాడు నవీన్.

"మొత్తం ఖరాబైంది. రాసుకొని పోండ్రి."

అతను ఒక్కొక్క గింజే లాగి జేబులో వేసుకున్నాడు. తీగలు చుట్టిన మేకులు వదులయ్యాయేమోనని తిప్పి చూశాడు. తీగలను కొట్టే సుత్తుల మీది ఉన్నిని తడిమాడు. వెనక చెక్కను తట్టి, అప్పుడే హాల్లోకి వచ్చిన ఏసుదాసు వైపు తిరిగాడు.

"పూర్వం కట్టె ఫ్రేమే ఉండేది అంకుల్. తీగలు గుంజితే వంగేది. ఇనుప ఫ్రేమ్ వచ్చినంకనే పియానోలు గట్టిపడ్డయి. దీనికైతే పగుళ్లు గూడ లేవు. మస్తుగ ఉంది."

ఏసుదాసు సంబరంగా టీ పెట్టడానికి వెళ్లాడు.

"ఒక్క అబద్ధం చెప్తే నీ సొమ్మేం పోతుండె?" మీరు కాస్తా నువ్వైపోయింది. "సోఫా కోసం మా నానమ్మ పియానోను బయట పడేస్తరా? దానికి నువ్వు సాక్ష్యమా?"

"మంచిదాన్ని ఖరాబని ఎట్ల చెప్త? జర వాయించు."

"వాయించ."

"వాయించకుంటే పరీక్ష సగమే అయితది."

కోపంగానే కూర్చుంది. నానమ్మ నేర్పిన పాటను కోపంగానే మొదలుపెట్టింది. సగం దాటేసరికి ఎవరిమీద కోపమో మరిచిపోయింది. టీ కప్పులతో వచ్చిన ఏసుదాసు గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"అంకుల్, మా తాండూరుల వాయించేటోళ్లు లేరు," అన్నాడు నవీన్. "ముట్టకుంటే ఏడాదిల ఉన్నిని పురుగులు తింటయి. మాకొద్దు. ఇక్కడనే ఉండనీయండ్రి."

"ఆ మాట ముందే చెప్పొచ్చు గదా?" కృపారాణి మళ్లీ మండిపడింది.

"నువ్వు వాయిస్తవని నాకెట్ల ఎరుక? గింజలు పెడ్తవనే ఎరుక."

ఏసుదాసు సోఫా మాట మళ్లీ ఎత్తలేదు. పది రోజులకు కృపారాణి తాండూరుకు ఫోన్ చేసింది.

"గిదేనా నువ్వు చూసిన చూపు? మెట్టు దిగుతలేదు."

నవీన్ వచ్చి గింజ లాగి, నవ్వు ఆపుకుంటూ వెళ్లాడు. వారం తిరక్కుండా ఇంకో మెట్టు. ఆ తర్వాత ఇంకోటి. నాలుగోసారి ఆమె ఫోన్‌లో కేకలేస్తుంటే వెనక నుంచి ఏసుదాసు అన్నాడు:

"ఇంట్ల చింతగింజలు ఒడిసినయి బిడ్డా, డబ్బా ఖాళీ. ఈసారి అమ్మానాన్నలను తీస్కొని రమ్మను."