కొమ్మల మలుపు

శృంగవరపుకోట నుంచి అరకు ఎక్కే ఘాట్ రోడ్డులో, అనంతగిరి ఇంకా కొంచెం దూరం ఉందనగా ఒక మలుపు ఉంది. దాన్ని కొమ్మల మలుపు అంటారు. పొద్దుగూకాక అక్కడ లారీవాళ్లు బీడీ వెలిగించుకోవడానికి కూడా ఆగరు.

ఆ మలుపులో రోడ్డు వార ఎప్పుడూ కొమ్మల కుప్ప ఉంటుంది. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ తలో పచ్చికొమ్మ విరిచి దానిమీద వేసి పోతారు. వెయ్యనివాళ్ల వెనకాల ఎవరో కొమ్మలు విరుచుకుంటూ నడిచొస్తారని చెప్పుకుంటారు. విరిచిన చప్పుడే వినిపిస్తుందట... మనిషి కనబడదట.

ఇది డెబ్భై ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో జరిగింది. సాలూరులో బెల్లం వ్యాపారం చేసే సన్యాసిరావుకి ఉన్నట్టుండి అడవులు చూడాలని బుద్ధి పుట్టింది. ఓ అంబాసిడర్ టాక్సీ రెండు రోజులకి మాట్లాడుకుని, భార్య వెంకటలక్ష్మినీ, ఆరేళ్ల కూతురు రత్నాలునీ ఎక్కించుకుని బయల్దేరాడు. కొట్టు అరుగు దిగితే ఆయాసపడే మనిషి, దారి పొడుగునా పులి ఎదురైతే ఏం చెయ్యాలో పెళ్లానికి నేర్పుతూనే ఉన్నాడు. ఆవిడ తలూపుతూనే ఉంది.

కొండెక్కేటప్పుడు డ్రైవరు అప్పలస్వామి మలుపులో కారాపాడు.

"దిగండమ్మా. తలో కొమ్మా ఎయ్యండి."

"ఎందుకు?" అంది వెంకటలక్ష్మి.

పట్టపగలే అయినా అతను గొంతు తగ్గించాడు. "సంతకెల్లి వత్తందమ్మా ఒక మనిసి. తన కూతురు గుంటకి పూసలూ రిబ్బన్లూ కొనుక్కుని... మంచులో ఏదో జీపు గుద్దీసి ఆగకుండా పోయింది. రాత్రల్లా ఇక్కడే చలికి పడుండి సచ్చిపోనాది. తెల్లారి ఆల్ల మనుసులొచ్చి కొమ్మలు కప్పినారు. అప్పటికాణ్ణుంచి అందరం కప్పుతన్నాం."

వెంకటలక్ష్మి దిగి ఓ కొమ్మ వేసింది. కూతురి చేత ఇంకో చిన్న రెమ్మ వేయించింది. సన్యాసిరావు మాత్రం సీట్లోంచి కదల్లేదు. "కొమ్మలెయ్యడానికా ఇంత దూరం వచ్చాం, పోనీవయ్యా" అన్నాడు.

ఆ పూటా మర్నాడూ బాగానే తిరిగారు. గుహలు చూశారు. వలిసె పూలతో పచ్చగా పరుచుకున్న చేలు చూశారు. తిరిగొచ్చేటప్పుడు సన్యాసిరావు అడవిలో కారాపించి, లేడిని చూస్తేగాని కదలనని భీష్మించుకు కూర్చున్నాడు. లేడి రాలేదు గాని పొద్దు వాలిపోయింది. అప్పలస్వామి "బేగి ఎల్లిపోవాల బాబూ" అని ఎన్నిసార్లన్నా వినిపించుకోలేదు.

అనంతగిరి దాటేసరికి మంచు దిగింది. కొమ్మల మలుపు తిరగ్గానే అప్పలస్వామి కాలు బ్రేకు మీద ఊరికే దిగబడిపోయింది. కారు ఆగలేదు. అతను గేరు తగ్గించి, హ్యాండు బ్రేకు లాగి, కొండగోడకి రాసుకునేలా తిప్పి ఎలాగో ఆపాడు. దిగి టైర్ల కింద రాళ్లు పెట్టి చూస్తే, బ్రేకు ఆయిలు ధారగా కారిపోతోంది. పైగా ఆ బండికి వెనక లైట్లు లేవు.

అదీ అసలు భయం. మలుపు తిరిగి పైనుంచి లారీ వచ్చిందంటే, మంచులో కారు మీదికెక్కేదాకా కనబడదు. వెనక సీట్లో రత్నాలు నిద్రపోతోంది. దిగి నిలబడదామంటే ఓ పక్క కొండ, ఓ పక్క లోయ.

అప్పలస్వామి కారు కింద దూరి చూస్తుండగా సన్యాసిరావుకి ఓ ఉపాయం తట్టింది. బండి చెడిపోతే వెనక రోడ్డు మీద కొమ్మలు పరుస్తారు కదా, వచ్చేవాడు చూసి ఆగుతాడు. ఆ మాత్రం ఆయనకీ తెలుసు. చీకట్లో పొదల్లో చెయ్యి పెట్టాలంటే పాములని భయం. నాలుగడుగుల్లో కుప్ప సిద్ధంగా ఉంది. చేతికందినన్ని తెచ్చి కారు వెనక పరిచేశాడు.

అప్పలస్వామి పైకి లేచి చూసి, అలాగే ఉండిపోయాడు.

"ఏటి సేసినారు బాబూ... ఇయ్యెక్కడియి?"

సన్యాసిరావు కుప్ప వైపు చెయ్యి చూపించాడు.

"ఆమె మీద కప్పినయి బాబూ. చలిలో దుప్పటి లాగీసినట్టే." అతను కుప్పకి దణ్ణం పెట్టాడు. "ఆమెది ఒకటి తీత్తే... మనది ఒకటి తీసుకుంతాది."

అనంతగిరి పోయి ఎవరినైనా తీసుకొస్తానని అతను పైకి నడిచాడు. వెళ్తూ వెళ్తూ ఆ కొమ్మల్ని తొక్కకుండా రోడ్డు అంచునించి పోయాడు.

కార్లో అద్దాలన్నీ ఎత్తేసి, సన్యాసిరావు ముందు సీట్లో తువ్వాలు తలకి చుట్టుకుని కూర్చున్నాడు. పులి పాఠాలు చెప్పిన మనిషి నోట్లోంచి ఆంజనేయ దండకం వస్తోంది, అదీ సగం సగం. వెనక సీట్లో వెంకటలక్ష్మి కూతురి తల ఒళ్లో పెట్టుకుంది. మనది ఒకటి తీసుకుంటుంది... ఆ మాట ఆవిడ చెవిలోంచి పోవడం లేదు. ఆవిడకి తనదంటూ ఉన్నది ఒళ్లో ఉన్నదొక్కటే.

అప్పుడు వినబడింది.

పుటుక్కు...

"ఏమండీ. విన్నారా?"

"గాలి" అన్నాడు సన్యాసిరావు. గాలి లేదు.

పుటుక్కు... ఈసారి ఇంకాస్త దగ్గరగా.

వెంకటలక్ష్మి కూతురి తల మెల్లిగా సీటు మీద పెట్టింది. "నేను పోయి ఆ కొమ్మలు కుప్పలో వేసేసి వస్తాను."

"పిచ్చా నీకు? అవి తీసేస్తే లారీ వచ్చి గుద్దేస్తుంది."

"వేరే విరిచి వేస్తాను. ఆమెవి ఆమెకి ఇచ్చేద్దాం. మీరు పిల్లని చూస్తుండండి."

ఆవిడ దిగింది. మంచులో తన చెయ్యి తనకే కనబడటం లేదు. వంగి రోడ్డు మీది కొమ్మలన్నీ తడిమి తడిమి ఏరి, గుండెకి హత్తుకుని కుప్ప దాకా నడిచింది. ఒక్కోటీ పెట్టింది. విసిరెయ్యలేదు, నిద్రపోతున్న మనిషికి కప్పినట్టు కప్పింది.

"తెలీక చేశాం తల్లీ. నాకూ ఒక పిల్ల ఉంది" అంది గుసగుసగా.

లేచి, చీరకంటిన ఆకులు దులుపుకుంది.

పక్క పొదలోకి చెయ్యి పెట్టి ఓ కొమ్మ విరిచింది. పుటుక్కు. వెంటనే మంచులోంచి ఇంకో చప్పుడు... పుటుక్కు.

ఆవిడ మళ్లీ విరిచింది. మళ్లీ అటునుంచి. ఆవిడ ఆగితే అదీ ఆగుతోంది. కాళ్లు కారు వైపు లాగుతున్నాయి. కాని కారు వెనక రోడ్డు ఖాళీగా ఉంది. కళ్లు గట్టిగా మూసుకుని మూడో కొమ్మ విరిచింది. ఈసారి అటునుంచి చప్పుడు రాలేదు. కారున్న వైపు నుంచి ఏదో తలుపు తీసిన చప్పుడు... వేసిన చప్పుడు.

ఆవిడ పరుగెత్తింది. మూడు కొమ్మలూ కారు వెనక పడేసి, తలుపు లాగి లోపల పడింది. రత్నాలు అక్కడే ఉంది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. వెచ్చగా ఊపిరి తగిలింది. అప్పుడుగాని ఆవిడకి ఏడుపు రాలేదు.

అంతలో పైన లారీ ఇంజను మూలుగు. దీపాల వెలుగు మంచులో పసుపుగా కదిలింది. సన్యాసిరావు దండకం మరిచిపోయాడు. వెంకటలక్ష్మి కూతురి మీద వంగి పడుకుంది.

లారీ మెల్లిగా, చాలా మెల్లిగా మలుపు తిరిగి, కారుకి అల్లంత దూరంలో ఆగింది. అందులోంచి అప్పలస్వామి దూకాడు. వెనకే లారీ డ్రైవరు దిగాడు, పోతురాజు అని నడివయసు మనిషి.

"మంచి పని చేశారు బాబూ" అన్నాడు పోతురాజు. "రెండు మలుపుల పైనించీ రోడ్డంతా కొమ్మలు పరిచీసి ఉన్నాయి. అందుకే గేరు మార్చి నెమ్మదిగా దిగాను. మీ డ్రైవరు ముందే చెప్పినా, అవే లేకపోతే ఈ మంచులో మలుపు తెలీక మీ మీదకి ఎక్కించీసేవాణ్ణి."

"మేమా?" అంది వెంకటలక్ష్మి. "నేను వేసింది మూడే... అవీ ఇక్కడే."

అప్పలస్వామి వెనక్కి తిరిగి రోడ్డు పైకి చూశాడు. "మీరే ఏసినారనుకున్నాను. నానెల్లినప్పుడు దారిలో ఒక్క కొమ్మ లేదమ్మా."

సన్యాసిరావు నెమ్మదిగా భార్య వైపు తిరిగాడు.

"అది సరే. ఇందాకా మధ్యలో ఓసారొచ్చి, వెనక తలుపు తీసి పిల్ల మీదికి వంగావు. పిలిస్తే పలక్కుండా మళ్లీ పోయావేం?"

వెంకటలక్ష్మి కూతుర్ని లేపి లారీ దీపాల వెలుగులోకి తిప్పింది. చేతులు చూసింది, కాళ్లు చూసింది. అన్నీ ఉన్నాయి. ఒక జడకి ఎర్ర రిబ్బను ఉంది. రెండో జడ విడిపోయి భుజం మీద పడి ఉంది.

"రత్నాలూ... ఈ జడ రిబ్బనేదే?"

పిల్ల నిద్రకళ్లు నులుముకుని తల్లి వైపు చూసింది.

"నువ్వే కదమ్మా విప్పుకుని పట్టుకెళ్లావు. నీ చేతులు అంత చల్లగా ఉన్నాయేంటి?"