కవర్ మీద పేరు

"ఏంది ఇది?"

భద్రాచలంలో కోటేష్ నడిపే ప్రింటింగ్ ప్రెస్‌లోకి అరుణశ్రీ వానతో పాటే వచ్చింది. తడిసిన గొడుగైనా మూయకుండా, ఫోన్‌లోని బొమ్మను అతని ముక్కు ముందు పెట్టింది.

"మీ బుక్ కవర్, మేడం. లోపలి పేజీలు గూడ నేనే పంపిన."

"నా పేరేది?"

లేదు. అడవి సంతల చరిత్ర కోసం ఆరేళ్లు ఊరూరూ తిరిగి, పీహెచ్‌డీ తెచ్చుకుంది ఆమె. ఆ పరిశోధనే పుస్తకమైతే, రచయిత పేరు మాత్రం ఆమె గైడ్‌ది! ఆ పెద్దమనిషి ఒక్క సంతకైనా వెళ్లిన పాపాన పోలేదు. ఈమె పేరు చివరి పేజీలో, 'సహకారం' అన్న మాట కింద. ఒళ్లు మండదూ?

"నాది పోతే పోయింది. అడవి ఊర్ల ఎర్రమ్మ మూడు దినాలు కూసొని సంతల ముచ్చట్లు చెప్పింది. 'నా పేరు రాస్తవా బిడ్డా' అనడిగితే మాటిచ్చిన. ఇందుల 'ఒక వృద్ధురాలు' అంట! సార్ చెప్తే ఎవరి పేరైనా తీసేస్తవా నువ్వు?"

"నాలుగు నెలల సంది 'మీరు' అన్నరు. ఇయ్యాల 'నువ్వు' అయిన," నవ్వాడు కోటేష్. "మిషన్ ఆపిన, చూడుండ్రి. గీ పేరుతోని వెయ్యనని సార్‌కు చెప్పిన."

బీరువాలోంచి ఒక కట్ట తీశాడు. అన్నీ ఆమె దిద్దిన ప్రూఫులు, పేజీ పేజీకీ ఆమె సంతకం.

"పుస్తకం వేయించే సంఘపోళ్లకు ఇవి చూపెట్టుండ్రి. రాసింది మీరేనని తెలుస్తది."

"పనైనంక ప్రూఫులు పారేస్తరు గదా?"

"పదిహేడో పేజీల 'కోటేష్ గారూ, కళ్లున్నాయా?' అని రాసిన్రు. పారెయ్యబుద్ధి కాలే."

కోపం ఎటు పోవాలో తెలియక అరుణశ్రీ గొడుగు మూసింది.

ఆ కట్టతో సంఘం మీటింగ్‌లో ఆమె గట్టిగానే కొట్లాడింది. పది రోజులకు కొత్త కవర్ మీద ఆమె పేరొచ్చింది, లోపల ఎర్రమ్మ పేరొచ్చింది. మొదటి కాపీ ఇవ్వడానికి ఇద్దరూ బండి మీద అడవి ఊరికి వెళ్లారు.

ఎర్రమ్మకు చదువు రాదు. తన పేరు చూపిస్తే చాలాసేపు తడిమింది. తర్వాత కోటేష్‌ను చూసి, "ఈయనెవరు బిడ్డా?" అంది.

"బుక్ ప్రింట్ చేసినాయన, అవ్వా."

"గంతేనా?"

కోటేష్ చెవులు ఎర్రబడ్డాయి.

తిరుగుదారిలో చినుకులు మొదలయ్యాయి. వెనక నుంచి అరుణశ్రీ అడిగింది. "మీ ప్రెస్‌ల పెళ్లికార్డులు వేస్తరా?"

బండి ఒక్క ఊపు ఊగింది. "వేస్తం... ఎవరియి?"

"ప్రూఫు నేనే చూస్త. నా పేరు ముందు డాక్టర్ అని లేకపోయిందో, మిషన్ ఆపిస్త!"

"మరి పెళ్లికొడుకు పేరు?"

"కోటేష్ గారూ, కళ్లున్నయా?"