లింకు నొక్కిన చెయ్యి

మెట్రో సిగ్నల్ ఇంజనీరు తను నడిపించే రైళ్ళలోనే ఒకదాని కింద పడి చనిపోయాడు. పేపర్లు ఆత్మహత్య అని రాశాయి. నిఘా డిపార్ట్‌మెంట్ పెద్దాయన మాత్రం హత్య అన్నాడు.

కిటికీలు లేని బ్రీఫింగ్ గది. ఎదురు కుర్చీలో ఏజెంట్ పాదరసం. డిపార్ట్‌మెంట్‌లో అతని అసలు పేరు పలికినవాళ్ళు లేరు.

"ఆ ఇంజనీరు బస్టాపులో ఫోన్ చూసుకుంటున్నాడు. స్క్రీన్ తెరిచే ఉంది. బైక్ మీద వచ్చి లాక్కుపోయారు. మామూలు దొంగతనమే అనుకున్నాడు."

"సిమ్ ఆపించలేదా?"

"లేదు. ఫోన్‌లో ఉన్నదంతా దూరం నుంచే చెరిపెయ్యొచ్చు. అదీ చెయ్యలేదు. దొరుకుతుందేమోనని ఆశ. మర్నాడు భార్య ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. 'మీ ఫోన్ దొరికింది, ఈ లింకు నొక్కి పాస్‌కోడ్ ఇవ్వండి' అని. ఇచ్చేశాడు."

"తాళంచెవి తనే దొంగల చేతిలో పెట్టాడన్నమాట."

"ఇంట్లోవాళ్ళ ఫొటోలు, రహస్యాలు, అన్నీ వాళ్ళ గుప్పిట్లోకి పోయాయి. అది సరిహద్దు అవతలి ముఠా. డబ్బు అడగలేదు. కంట్రోల్ రూమ్ ప్లాన్ అడిగారు, ఇచ్చాడు. ఇంకేదో అడిగారు. అది చెయ్యలేక రైలు కింద పడ్డాడు. నా లెక్కలో అది హత్యే. మనకొక్క మాట చెప్పుంటే బతికేవాడు. సిగ్గుపడి దాచుకున్నాడు."

"ముత్యం ఏమంటోంది?"

ముత్యం ఒక పెద్ద మొబైల్ షోరూమ్ యజమానురాలు. మెడలో ముత్యాల హారం, ఎవరినైనా కట్టిపడేసే నవ్వు. ముఠా మనిషిలా నటిస్తూ డిపార్ట్‌మెంట్‌కు కబుర్లు చేరవేస్తుంటుంది.

"ఈసారి ఎయిర్‌పోర్ట్ మీద కన్నేశారట. మనవాళ్ళందరినీ అక్కడికే పంపాను." పెద్దాయన కళ్ళజోడు తీశాడు. "నువ్వు మాత్రం ఆవిడ దగ్గరికే వెళ్ళు. ఆవిడకి తెలియకుండా."

మధ్యాహ్నం ముత్యం షోరూమ్‌లోకి నడుం వంగిన ముసలాయన ఒకరు కర్ర ఊతంగా వచ్చాడు. తెల్లజుట్టు, చెవిలో వినికిడి మిషన్. ఫోన్ కవర్లు ఒక్కొక్కటే తిప్పి చూస్తూ, రంగు నచ్చలేదంటూ సేల్స్ అమ్మాయి ప్రాణం తోడేస్తున్నాడు. ఆ మిషన్ అద్దాల గది అవతల గుసగుసను కూడా పట్టేస్తుందని ఆ అమ్మాయికి తెలియదు.

అద్దాల గదిలో ముత్యం ఎదుట ఒకాయన కూర్చుని ఉన్నాడు. మెడలో మెట్రో కంట్రోలర్ ఐడీ కార్డు. ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"లింకు నొక్కిన చెయ్యి మీదేగా?" ముత్యం గొంతు తేనెలా ఉంది. "ఇక మా మాట వినాల్సిందే. ఈ సాయంత్రం రద్దీలో ఎదురెదురుగా వచ్చే రెండు రైళ్ళని ఒకే పట్టాల మీదికి వదలండి. లేదా, మీ ఆవిడ వీడియో ఆవిడ స్కూల్లో ప్రతి తల్లి ఫోన్‌లోకీ వెళ్తుంది."

"ఆవిడ మళ్ళీ మంచం పడుతుందమ్మా... మీకు దండం పెడతాను."

"డ్యూటీకి టైమవుతోంది. వెళ్ళండి."

కంట్రోలర్ తూలుతూ బయటికి నడిచాడు. పాదరసం చొక్కా చేతిమడతలోని మైక్‌లో గొణిగాడు. "ముత్యం వాళ్ళ మనిషే. టార్గెట్ మెట్రో."

చెవిమిషన్‌లో ఒట్టి గరగర. వెనకనుంచి సెంటు వాసన వచ్చింది.

"ఇక్కడ మీ సిగ్నల్ అందదు తాతగారూ. జామర్ పెట్టించాను."

షట్టరు దబ్బున దిగింది. దుంగల్లాంటి ఇద్దరు గార్డులు మీదపడ్డారు. పాదరసం కర్ర పిడి తిప్పాడు. తెల్లటి గ్యాస్ గది నిండా కమ్ముకుంది. గార్డులు దగ్గుతూ కూలిపోయారు. ముత్యం అప్పటికే వెనక తలుపులోంచి మాయమైంది. ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుని, షట్టరు తాళం పగలగొట్టుకుని పాదరసం రోడ్డు మీదికి వచ్చేసరికి సాయంత్రపు ఎండ వాలుతోంది.

అతను చేరేసరికి మెట్రో కంట్రోల్ రూమ్ ఉక్కు తలుపు లోపలినుంచి గడియపడి ఉంది. లోపల కంట్రోలర్ ఒక్కడే. రైళ్ళకి డ్రైవర్లు లేరు. వాటిని ఆపాలన్నా ఆ గదిలోంచే ఆపాలి. తలుపు పక్కనున్న అద్దంలోంచి గోడమీది పెద్ద తెర కనిపిస్తోంది. రెండు చుక్కలు ఒకే గీత మీద ఎదురెదురుగా కదులుతున్నాయి.

"వెళ్ళిపోండి!" ఇంటర్‌కమ్‌లో కంట్రోలర్ ఏడుస్తూ అరిచాడు. "నాకింకో దారి లేదు!"

పాదరసం రోడ్డెక్కగానే కబురందుకున్న పెద్దాయన, అతను దారిలో ఉండగానే కంట్రోలర్ భార్యకి సంగతంతా చెప్పి, ఆమెను ఫోన్ లైన్లో ఉంచాడు. ఆవిడ స్కూల్ టీచర్. కాన్పులో బిడ్డ పోయాక మనసు చెదిరింది. ఇంట్లో ఎలా ఉంటోందో చూపించమని డాక్టరు అడిగితే భర్త తీసిన వీడియో అది. పాదరసం ఫోన్‌ని ఇంటర్‌కమ్‌కి ఆనించాడు.

"ఏవండీ, నేనే."

లోపల ఏడుపు ఆగింది.

"నీకెవరు చెప్పారు?"

"ఎవరైతేనేం. పంపుకోనివ్వండి ఆ వీడియో."

"నీకు తెలీదు. అందులో నువ్వు... అందరూ చూస్తారే!"

"చూడనివ్వండి. నాకు జబ్బు చేసింది, తగ్గింది. నేనేం దొంగతనం చెయ్యలేదుగా, తలదించుకోడానికి? ఆ రైళ్ళలో మా స్కూలు పిల్లలు ఇళ్ళకెళ్తున్నారండీ. ఇంకో తల్లికి నా గతి పట్టించకండి. ఆపండి."

చుక్కలు రెండూ దాదాపు కలిశాయి. పాదరసం కళ్ళు మూసుకున్నాడు.

మీట లాగిన చప్పుడు. తెరంతా ఎర్రబడింది. సొరంగంలో రెండు రైళ్ళు కీచుమంటూ, ఒకదాని ముఖంలో ఒకటి ముఖం పెట్టి ఆగిపోయాయి.

తలుపు తెరుచుకుంది. కంట్రోలర్ అడక్కుండానే రెండు చేతులూ ముందుకు చాచాడు. పాదరసం బేడీలు వేశాడు. వెయ్యక తప్పలేదు.

ముత్యం విమానమెక్కబోతూ దొరికిపోయింది. ఆమె మాట మీద పెద్దాయన పంపిన మనుషులంతా అక్కడే ఉన్నారు మరి.

ముఠా మాత్రం అన్నంత పనీ చేసింది. రాత్రికి రాత్రే ఆ వీడియో తల్లులందరి ఫోన్లకీ చేరింది. పొద్దున టీచరమ్మ స్కూలుకు వెళ్ళింది. గేటు దగ్గర పాదరసం కారులో కాపలా ఉన్నాడు. కొందరు తల్లులు ముఖం తిప్పుకున్నారు. ఒకావిడ కూతుర్ని వెనక్కి లాక్కుని వెళ్ళిపోయింది. టీచరమ్మ తల దించకుండా నడిచింది.

మెట్ల దగ్గర ఒక తల్లి అటూ ఇటూ చూసి ఆమె చెయ్యి పట్టుకుంది. పాదరసం గబుక్కున కారు దిగాడు.

"టీచరుగారూ," ఆ తల్లి గొంతు తగ్గించింది, "మీకు నయం చేసిన ఆ డాక్టరుగారి నంబరు ఇస్తారా?"